కందనకాయలో సీసం

"నేనే సంపిన, అయ్యా. నా చేతులతోనే సంపిన."

లక్ష్మీరాజం ఇంకా ఒక్క ప్రశ్నా అడగలేదు. కూర్చోవడానికి స్టూలు కూడా లాక్కోలేదు. హైదరాబాదు పోలీసులో కొన్నేళ్లు, అది మానేశాక సొంతంగా డిటెక్టివ్ పనిలో కొన్నేళ్లు గడిపిన ఆయన నేరం ఒప్పుకున్నవాళ్లను చాలామందిని చూశాడు. తన్నులకు ఒప్పుకున్నవాడు గోడ వంక చూస్తాడు. ఆశకు ఒప్పుకున్నవాడు ఠాణా పెద్ద అమీను వంక చూస్తాడు. సిద్దిపేట ఠాణా కొట్లో గొంతుక్కూర్చున్న ఈ ముసలాయన మాత్రం తన అరచేతులు చూసుకుంటున్నాడు.

జరిగింది చెప్పుకోవడానికి రెండు ముక్కలే. నిన్న పొద్దున ఊరవతల రాళ్లదుబ్బ మీద భూపతిరావు దొర, ఆయన అతిథి తహసీల్దారు సాబు కౌజు పిట్టల వేటకు కూర్చున్నారు. పిట్టల్ని లేపి తుపాకుల వైపు తోలడానికి హాకా జనం అవతలి నుంచి డప్పు కొడుతూ, కట్టెలతో తుప్పలు బాదుతూ వరుసగా నడిచి వచ్చారు. ఈ ముసలాయన పేరు యోబు. ఆ వరుసలో ఉన్న ఆయన కొడుకు సామ్యూల్ రొమ్ములో గుండ్లు దిగి తంగేడు పొద మీద పడిపోయాడు. మీసాలు సరిగా రాని పిల్లవాడు. సాయంత్రం పాతిపెట్టారు. పాతిపెట్టి వచ్చిన తండ్రిని గడప తొక్కనివ్వకుండానే అమీను రాజమల్లయ్య పట్టుకొచ్చాడు. మిషన్ పాస్టరుగారు తంతి ఇవ్వకపోతే ఈ సంగతి పట్నం దాకా వచ్చేదే కాదు. కొడుకుని చంపిన నేరానికి తండ్రిని ఉరి తీసేవారు, అంతే.

"ఎందుకు సంపినవ్?"

"సంపిన, అయ్యా."

"ఏ తుపాకితోని?"

యోబు అరచేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"ఎంత దూరం కెల్లి కాల్చినవ్?"

యోబు తల ఎత్తలేదు. చంపానని చెప్పడానికి లేని తడబాటు, ఎలా చంపాడో చెప్పడానికి వచ్చింది. లక్ష్మీరాజం దాన్ని మనసులో పెట్టుకుని బయటికి వచ్చాడు.

బయట అమీను రాజమల్లయ్య బల్ల మీద నీలం గుడ్డ పరచి, దాని మీద ఎనిమిది సీసపు గుండ్లు పేర్చి, పెళ్లికి నగలు చూపించే కంసాలిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. శనగగింజంత గుండ్లు. పిల్లవాడి రొమ్ములోంచి డాక్టరు తీసినవి.

"రాజం సాబ్, పట్నంల మీకు వేలిముద్రలు గిట్ల చానా ఉంటయ్. మాకు గీ సీసం చాలు. ఇవి పంది గుండ్లు. గీ అచ్చు సూడున్రి. యోబు ఇంట్ల చూరు కింద దొరికింది."

అది ఇనుప అచ్చు. సీసం కరగబోసి గుండ్లు చేసుకునేది. లోపల సన్నటి గాటు ఉంది. ఎనిమిది గుండ్ల మీదా ఆ గాటు తాలూకు గీత సన్నటి కట్టలా లేచి ఉంది. లక్ష్మీరాజం ఒక గుండు తీసి అచ్చులో పెట్టాడు. తాళానికి తాళంచెవి అమరినట్టు అమరింది.

"దొర దగ్గర పిట్ట తూటాలు తప్ప ఏమన్న ఉన్నయా? నేనే సోదా చేసిన. పెట్టె నిండ ఎనిమిది నంబరు సన్న రవ్వలే. యోబుకు బర్మారు తుపాకి ఉన్నది, మక్కచేన్ల పందులను కొట్టెటందుకు. ముందటి రాత్రి తండ్రీ కొడుకులు కొట్లాడుకున్నరని వాడంత చెప్తుంది. ఇంకేం గావాలె? పొద్దుగూకంగ సంగారెడ్డి మోటరు వస్తది. ఎక్కిస్త."

"బర్మారు తుపాకిల నల్ల మందు దంచి పోస్తరు. కాలిస్తే వడ్ల పొట్టు తగలబెట్టినంత తెల్ల పొగ లేస్తది. నిన్న హాకాల ఎవరన్న పొగ సూసిన్రా?"

"సూసినా చెప్పరు."

"కొడుకు సచ్చింది చెప్పిన్రు, కొట్లాట చెప్పిన్రు. పొగ ఒక్కటే దాచిన్రా?"

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇక్కడ నిప్పు ఉంది, పొగే లేదు. రాజమల్లయ్య మొహం కొంచెం ముడుచుకుంది. తెలివైనవాడే, కానీ తెలివిని ఒకసారి వాడి దాచిపెట్టుకునే రకం.

"పొగ సంగతి నాకెర్క లేదు. డప్పు సంగతి ఎర్క. నేను గీడ కూసోనే విన్న. కాశయ్య డప్పు నడుమల ఆగింది. హాకా నడుస్తుంటే డప్పు ఆగొద్దు, ఆపినోని ఈపు పగులుతది. మనిషి పడితే తప్ప ఆగదు. అది ఆగంగనే గుర్రమెక్కిన."

"అయితే మళ్ల ఎక్కున్రి. జాగ సూడాలె."

* * *

రాళ్లదుబ్బ మీద మళ్లీ వేట పెట్టారు. నిన్న సగంలో ఆగిపోయిందట, తహసీల్దారు సాబుకు తనివి తీరలేదట. మోదుగ చెట్ల కింద డేరా, డేరాలో సాబు గురక, బయట పొయ్యి మీద కోడికూర. హాకా జనం ఎండలో కట్టెలు పట్టుకుని నిలబడి ఉన్నారు. పిల్లవాడు పడిన తంగేడు పొద దగ్గర రక్తం నల్లబడి, చీమలు పట్టి ఉంది. దాన్ని దాటుకుంటూ జనం మంచినీళ్లు మోస్తున్నారు.

లక్ష్మీరాజం మోకాళ్ల మీద కూర్చుని ఆ పొద చూశాడు. రొమ్ము ఎత్తున నాలుగు రెమ్మలు విరిగి వేలాడుతున్నాయి. అన్నీ తుపాకుల మాటు ఉన్న దిక్కు నుంచి విరిగి, హాకా జనం వచ్చిన దిక్కుకు ఒరిగాయి. రెమ్మల నడుమ గుండ్రటి ఉన్ని బిళ్ల ఒకటి చిక్కుకుని ఉంది. తూటాలో మందుకూ గుండ్లకూ నడుమ ఉండే బిళ్ల అది. బర్మారు తుపాకిలో కుక్కేది తాటిపీచు.

"ఈ బిళ్లలా?" రాజమల్లయ్య బూటుతో నేలను తన్నాడు. "గీడొకటి, గాడొకటి. రెండు తుపాకులు పొద్దుగాల సంది కాలిస్తే ఉన్ని బిళ్లలు పడక మల్లెపూలు పడ్తయా?"

"రెమ్మలు మాటు దిక్కు కెల్లి ఇరిగినయ్."

"మేకలు ఇరిచినయ్."

"మేకలు రొమ్ము ఎత్తున ఇరిచి, తినకుండ పోయినయా?"

"పిల్లగాడు ఎనకకు తిరిగిండు, ఎనక తండ్రి ఉన్నడు, కాల్చిండు. రాజం సాబ్, మీ కథల కన్న నా అచ్చు గట్టిది. కోర్టుల రెమ్మలు పెడ్తరా?"

చేదుగా ఉన్నా అది నిజం. లక్ష్మీరాజం లేచి మోకాళ్లు దులుపుకున్నాడు.

భూపతిరావు దొర మడత కుర్చీలో కూర్చుని తూటాల పెట్టె ఒళ్లో పెట్టుకున్నాడు. బంగారు పళ్లు కట్టించుకున్న నోరు, నవ్వితే ముందు పళ్లు నవ్వుతాయి. అడగకముందే ఒక తూటా తీసి, చాకుతో కాగితం మూతి కోసి, లక్ష్మీరాజం చేతిలో గుండ్లు ఒలకపోశాడు. ఆవాలంత రవ్వలు.

"సూడు. ఎనిమిది నంబరు. పిట్టకు గుండు ఎంచుడంటే కూరకు ఉప్పు ఎంచినట్టే లక్ష్మీరాజం. పెద్దదైతే పిట్ట ఉండదు, ఈకలే మిగుల్తయ్. మరీ సన్నదైతే దెబ్బ తిన్న పిట్ట తుప్పల్ల సొచ్చి సస్తది, నక్కల పాలు. కౌజుకు ఆరు నంబరు మంచిదే, దీనికన్న కొంచెం పెద్దది. కని సాబుకు పిట్ట పానంతోని పడాలె, గొంతు కోసి జిబా చేసినంకనే తింటడు. అందుకని ఎనిమిది."

"అంతేనా?"

దొర డేరా వంక చూసి గొంతు తగ్గించాడు. "ఇంకోటున్నది. సాబు గురి నేలబారు. పిట్ట లేవకముందే కాలుస్తడు. ఎనిమిది నంబరైతే హాకా వాళ్లకు తగిలినా సావరు. ఉరుకుతరు." ముందు పళ్లు నవ్వాయి. "ఉరుకుతుంటే మంచిగుంటది. నువ్వు సూడలే."

లక్ష్మీరాజానికి ఒళ్లు మండింది. అరచేతిలో రవ్వలు ఆ పెట్టెలో పోసి, దులుపుకుని, హాకా వరుస వంక నడిచాడు. వరుసలో ఆడమనిషి ఒకతే ఉంది. చేతిలో కట్టె, నెత్తిన కొంగు. వెట్టి జనాన్ని పోగేసుకొచ్చే సుంకరి దుబ్బయ్య పక్కనే ఉంటే, ఎవరని అడిగాడు.

"యోబు పెండ్లాం అయ్యా, లచ్చవ్వ. ఇంటికొక మనిషి రావాలె హాకాకు. కొడుకు పాయె, మొగడు కొట్ల పడె. ఇంట్ల ఇంకెవలున్నరు?" దుబ్బయ్య లెక్క తప్పలేదన్నట్టు చెప్పాడు.

కొడుకుని పాతిపెట్టిన మట్టి ఆమె గోళ్లలో ఇంకా ఉంది. పక్కకు పిలిచి అడిగితే ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని లక్ష్మీరాజానికి అనిపించింది.

"అవ్వా, ఇంట్ల కొట్లాట ఎందుకయింది?"

ఆమె వెనక్కి తిరిగి రవిక వీపు కొంచెం ఎత్తింది. భుజం నుంచి నడుము దాకా చర్మం కింద నల్లటి పొక్కులు, చల్లిన ఆవాల్లా.

"పోయినేడు పిట్టలు లేవలేదని దొర మా మీదనే కాల్చిండు. ఇంకా లోపలనే ఉన్నయ్ అయ్యా, సలికాలం గుంజుతయ్. సర్కారు వెట్టి బందు పెట్టిందని మా పిల్లగాడు మిషన్ బడిల సదువుకున్నడు. సాబు వేటకొస్తడు, సాబు ముంగట నీ ఈపు సూపిస్త అవ్వా అన్నడు. అది సూస్తే సాబు ఊకోడు అన్నడు. ఆళ్ల నాయిన వద్దన్నడు. గదే పంచాది."

"ఈ మాట దొరకు తెలుసునా?"

"వాడల మాట దొర గడికి పోకుంట ఉంటదా?"

అప్పుడే దొర కేక వేశాడు. తిన్న తర్వాత వేట మొదలట, పట్నం అతిథి రెండు ముద్దలు తిని పోవాలట. లచ్చవ్వను ఇంటికి పంపమని లక్ష్మీరాజం అడిగాడు. దొర తలూపలేదు, కాదనలేదు, విననట్టు విస్తరి చూపించాడు. లోపల తహసీల్దారు లేచి కళ్లు నులుముకుంటూ బూట్లు తొడుక్కుంటుంటే, దొర స్వయంగా సాబు తోలు బెల్టు తీసుకుని తూటాలు దిగేస్తూ కూర్చున్నాడు. పెట్టెలోంచి ఒక్కొక్కటే తీశాడు. మొదటి అర మాత్రం ఖాళీగా ఉంచి, చివర్న తన చొక్కా జేబులోంచి ఒకటి తీసి అందులో దూర్చాడు. అన్నిటి మూతి బిళ్లల మీదా ఎనిమిది అంకె అచ్చుపడి ఉంది.

"ఆమెను నడుమల పెట్టురా దుబ్బిగా," అన్నాడు తల ఎత్తకుండా. "సాబు మాటుకు ఎదురుంగ. ఆడిది నెమ్మదిగ నడుస్తది, పిట్ట ఆడ్నే లేస్తది."

లక్ష్మీరాజం ఇదంతా చూశాడు, విన్నాడు. చూడటం వేరు, తెలియడం వేరు. కూర నోట్లో పెట్టుకున్నాడు. మూడో ముద్దలో కందనకాయ ముక్క పంటి కింద పడి కటుక్కుమంది. ఆయన దాన్ని వేళ్ల మీదికి తీసుకున్నాడు. ఆవగింజంత సీసపు రవ్వ.

"కోడిని గూడ కాల్చిన్రా?" అన్నాడు రాజమల్లయ్య నవ్వుతూ.

"ఎవడో కాల్చినట్టున్నది," అన్నాడు దొర. చాలా తొందరగా అన్నాడు.

కాల్చిన గుండు ఎముకకు తగిలి అణిగిపోతుంది. ఇది గుండ్రంగా ఉంది, పైగా మెరుగు పెట్టినట్టు మెరుస్తోంది. కోడి గింజలు అరిగించుకోవడానికి ఇసక రాళ్లు ఏరుకు మింగుతుంది. ఆ రాళ్లతో పాటు మింగి, కందనకాయలో రెండు మూడు రోజులు నూరుకున్న రవ్వ ఇది. ఎవరో ఎనిమిది నంబరు తూటా విప్పి, గుండ్లు నేల మీద ఒలకబోసుకున్నారు. కాల్చడానికి కాదు, ఖాళీ చేయడానికి.

చేయి కడుక్కునే సాకుతో పొయ్యి దగ్గరికి వెళ్లాడు. వంట చేస్తున్న దుర్గవ్వ మాటిమాటికీ దొర వంక చూస్తోంది.

"కోడి యాడిది?"

"సుంకరి పట్టుకచ్చిండయ్యా పొద్దుగాల." ఆమె గొంతు పొగలో కలిసిపోయింది. "యోబు ఇంటి నల్ల పెట్ట. ఇంట్ల పీనుగు లేసి దినం గాలే. వద్దన్న, ఇంటడా?"

లక్ష్మీరాజం మళ్లీ విస్తరి ముందు కూర్చోలేదు. అమీను భుజం మీద చేయి వేసి, "నడువున్రి, ఠాణాకు. మీ అచ్చు గట్టిదే. అది ఏం జెప్తున్నదో ఇప్పుడు ఎర్కయింది," అన్నాడు.

* * *

కొట్టు తలుపు తీయించి, యోబు అరచేయి పట్టుకుని, ఆ రవ్వ అందులో పెట్టాడు.

"ఇది మీ నల్ల పెట్ట కడుపుల దొరికింది."

"పెట్టను గోసిన్రా," అన్నాడు యోబు. ఆ ఒప్పుకోలు కాకుండా ఆయన తనంతట తాను అన్న మొదటి మాట అది.

"యుద్ధమొచ్చి విలాయతు తూటాలు దొరుకుత లేవు. గడిల పంది తూటాలు లేవు. సీసం కరగబోసుడు, తూటాలు నింపుడు నీకు ఒస్తది. దొర ఎనిమిది నంబరు తూటా నీకు ఇచ్చి, విప్పి, పంది గుండ్లు పొయ్యమన్నడు. మూతి బిళ్ల మళ్ల అట్లనే పెట్టమన్నడు. విప్పినప్పుడు రవ్వలు వాకిట్ల పడ్డయ్, కోడి ఏరుకున్నది. అవునా?"

 యోబు అరచేయి బోర్లించి రవ్వను కింద పడేశాడు.

"పంది తిరుగుతుంది, సాబుకు భయమైతది, పైకి కనబడొద్దు అన్నడు దొర. వెట్టి పని, చేసిన. నిన్న డాక్టరు రాకముందు పిల్లగాని నెత్తురు కడిగేటప్పుడు గాయం కాడ ఒక గుండు పైకే కనబడ్డది. గీత ఉన్నది. నా అచ్చు గీత." ఆయన రెండు చేతులూ ముందుకు చాచాడు. "నేనే పోసిన, అయ్యా. నేనే నింపిన. నేనే మూతి మడిసిన. ఇంక ఎవలు సంపినట్టు?"

ఇదీ ఆ ఒప్పుకోలు. దెబ్బలకు పుట్టింది కాదు, అబద్ధమూ కాదు. కొడుకు రొమ్ములో దిగిన సీసం తన పొయ్యి మీద కరిగిందే కనుక ఉరికంబం తనదేనని ఆ తండ్రి తీర్పు చెప్పుకుని కూర్చున్నాడు. ఆ తీర్పు కోసమే దొర ఆ పని ఆయన చేత చేయించాడు. ఇంతకన్నా నీచపు తెలివి లక్ష్మీరాజం తన ఉద్యోగంలో చూడలేదు.

"దొర పేరు ఎందుకు చెప్పలే?"

"చెప్తే లచ్చవ్వ మిగుల్తదా అయ్యా? నేనొక్కన్ని పోతే ఆమె ఇంటికాడ పడి ఉంటది."

"ఇంటికాడ లేదు యోబూ. హాకాల ఉన్నది. ఇంటికొక మనిషి అని పట్టుకపోయిన్రు."

ఆ మాటకు యోబు లేచి నిలబడ్డాడు. నిన్నటి నుంచి లేవని మనిషి గోడ పట్టుకుని లేచాడు. 

"రెండు," అన్నాడు. "దొర రెండు తూటాలు చెయ్యమన్నడు, అయ్యా. పిల్లగానికి ఒకటే తగిలింది."

 లక్ష్మీరాజం కళ్ల ముందు తోలు బెల్టు మొదటి అర కదిలింది. చొక్కా జేబులోంచి వచ్చిన తూటా. సాబు గురి నేలబారు. ఆమెను సాబు మాటుకు ఎదురుగా పెట్టమన్న మాట. మొదటి తూటా దొరే కొడుకు మీద పేల్చాడు. రెండోది, సాబు చూడాల్సిన వీపుకి. ఈసారి సాబు చేతే. ఆ తర్వాత తహసీల్దారు జన్మంతా దొర గుప్పిట్లో ఉంటాడు. పంది గుండ్లు ఎలా వచ్చాయని అడిగే నోరు ఈ తాలూకాలో ఉండదు. ఎదురుగా కూర్చుని కోడికూర తింటూ తాను అదంతా చూశాడు.

"సాబు బెల్టుల ఉన్నది," అన్నాడు. "మొదటి తూటా. లచ్చవ్వ ఎదురుంగ ఉన్నది."

రాజమల్లయ్య మొహం అప్పుడు చూడవలసిందే. నిన్నటి నుంచి కట్టుకున్న కేసు గంటలో కూలింది. అయినా అతను సాకు వెతకలేదు, వాదించలేదు. కొట్టు తాళంచెవి బల్ల మీద విసిరేసి, "బుచ్చిరాములూ, గుర్రం," అని జవానుకు అరుస్తూ మెట్లు దిగాడు. లక్ష్మీరాజం వెనకే దిగాడు.

రాళ్లదుబ్బ నుంచి గాలి ఇటే వీస్తోంది. కాశయ్య డప్పు స్పష్టంగా వినబడుతోంది. హాకా మొదలయింది, దరువు ఒక తీరుగా, నిదానంగా నడుస్తోంది. నడుమ ఉన్న ఆడమనిషి అడుగుకు తగ్గట్టు నడుస్తోంది. వెనక కొట్లో యోబు రెండు చేతులతో ఊచలు పట్టుకుని ఆ దరువు వింటున్నాడు. పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేస్తున్నాడో పెళ్లాన్ని పిలుస్తున్నాడో తెలియదు.

రాజమల్లయ్య కాలు రికాబులో పెట్టాడు. లక్ష్మీరాజం జీను పట్టుకుని వెనక ఎక్కాడు. గుర్రం ఠాణా గేటు దాటుతుండగా రాళ్లదుబ్బ మీద తుపాకి ఒకటి పేలింది.

డప్పు ఆగింది.